లుడ్విగ్, లూయీ, క్లోవిస్: నిజంగా ఒకే పేరా?

ముందు మీ ప్రశ్న ఇక్కడ క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి తల తోక తెలియాలి కదా. స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నారు. బాబు వెళ్లే కిండర్‌గార్టెన్‌లో ఒక లుడ్విగ్, ఒక లూయీ, ఒక లూయిస్ ఉన్నారు, టీచరమ్మ "ముగ్గురిదీ ఒకే పేరు" అంది. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే ఒకచోట "ప్రసిద్ధ యోధుడు", ఇంకోచోట "ప్రజల నాయకుడు", మరోచోట క్లోవిస్ కూడా ఇదే పేరు అని కనిపించింది. ఏది నమ్మాలి అన్నది మొదటి ప్రశ్న. రెండో బిడ్డకి అక్కడా ఇక్కడా నోరు తిరిగే పేరు పెట్టాలి, ఇలాంటి అర్థం వచ్చేది మనలో ఏదైనా ఉందా అన్నది రెండోది.

టీచరమ్మ చెప్పింది నిజం. క్లోవిస్ సంగతీ నిజమే. "ప్రజల నాయకుడు" తప్పు. "ప్రసిద్ధ యోధుడు" సగమే ఒప్పు, ఆ మిగతా సగం గురించే ఎక్కువ రాయాల్సి వస్తుంది. పాతికేళ్లుగా జర్మన్ నేర్పుతున్నాను, పాత జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు, డచ్ లాంటి భాషల కుటుంబం) పేర్ల మీద పిచ్చి అంతకంటే పాతది, కాబట్టి సమాధానం కాస్త పొడుగైతే ఓపిక పట్టండి.

అసలు పేరు ఫ్రాంకుల భాషలో హ్లూడోవిగ్ లాంటిది. ఫ్రాంకులు అంటే రోమన్ సామ్రాజ్యం కూలిపోతున్న రోజుల్లో రైన్ నది దిగువ నుంచి ఇప్పటి ఫ్రాన్స్‌లోకి దిగిన జర్మానిక్ తెగ, ఫ్రాన్స్ అన్న పేరే వాళ్లది. పేరులో రెండు ముక్కలున్నాయి. "హ్లూడ్" అంటే గట్టిగా వినబడేది, అందరి చెవినీ పడ్డది, అంటే పేరున్నది. "విగ్" అంటే పోరు. (మనం నెత్తిన పెట్టుకునే విగ్గుకీ దీనికీ సంబంధం లేదు, లూయీ రాజులు ఎన్ని విగ్గులు పెట్టుకున్నా సరే.) హ్లూడ్ ఇప్పటికీ బతికే ఉంది, జర్మన్‌లో లౌట్, ఇంగ్లీషులో లౌడ్ అదే. పాత ఇంగ్లీషులో లౌడ్‌ని ముందు హ పెట్టి హ్లూడ్ అనే రాసేవాళ్లు.

గట్టిగా వినబడటానికీ కీర్తికీ ఏమిటి లంకె అనుకోకండి. మనమూ "ఊరంతా వాడి పేరు మారుమోగిపోతోంది" అంటాం. పేరు మోగడం, పేరు వినబడటం, పేరు పొందడం ఒకే దారిలో నడిచే మాటలు.

ఇక ఆ "యోధుడు" సంగతి. "విగ్" అంటే పోరు, పోరాడేవాడు కాదు. రెండు ముక్కలూ అతికిస్తే "కీర్తి-పోరు" అని వస్తుంది తప్ప "ప్రసిద్ధ యోధుడు" అనే చక్కటి సమాసం రాదు. పేర్ల పుస్తకాలు రాసేవాళ్లకి ఒక అర్థం చూపించాలి కాబట్టి అలా సాపు చేసి రాస్తారు. నిజానికి పాత జర్మానిక్ పేర్లని వాక్యంలా విడదీసి అర్థం చెప్పకూడదు. దీనికి నేను క్లాసులో ఎప్పుడూ చూపించే ఉదాహరణ హెడ్విగ్, ఇది ఆడపేరు. "హాడు" అంటే పోరు, "విగ్" అంటే కూడా పోరు. పోరు-పోరు! దీన్ని ఏ వాక్యంగా తిప్పుతారు చెప్పండి. హిల్డెగుండ్ అని ఇంకో పేరు, అదీ అంతే, "హిల్డ్" పోరు, "గుండ్" పోరు. వాళ్ల దగ్గర కొన్ని మంచి మాటలు ఉండేవి, కీర్తి, పోరు, సైన్యం, ఏలుబడి, తోడేలు, వెలుగు ఇలా. అందులోంచి రెండు తీసి జత కట్టేవాళ్లు. ఏ రెండు తీయాలన్నది అర్థాన్ని బట్టి కాదు, ఎక్కువగా కుటుంబాన్ని బట్టి. తండ్రి పేరులోని ముక్క ఒకటి, తాత పేరులోని ముక్క ఒకటి పిల్లాడికి వచ్చేది, దాన్ని బట్టి వీడు ఎవరి సంతానమో తెలిసేది.

క్లోవిస్ ఇంట్లోనే చూడండి. ఈయన సుమారు 481 నుంచి 511 వరకు ఫ్రాంకుల రాజు, రాన్స్ పట్టణంలో బిషప్ రెమీజియస్ చేతి మీదుగా క్రైస్తవం పుచ్చుకున్నాడు, ఫ్రెంచివాళ్లు తమ చరిత్ర ఈయనతో మొదలుపెడతారు. ఈయన పేరు లాటిన్ రాతల్లో క్లోడోవెకుస్. కొడుకుల్లో ఒకడు క్లోడోమెర్, ఇంకొకడు క్లోథార్. మనవడు క్లోడోఆల్డ్. భార్య క్లొటిల్డ్ బుర్గుండి రాకుమారి, వేరే తెగ, అయినా ఆవిడ పేరులోనూ అదే ముక్క, ఆ కాలంలో అది అంత గిరాకీ ఉన్న ముక్క మరి. క్లోథార్ తర్వాత లోథార్ అయింది, ఇంకో మూడు వందల ఏళ్లకి అదే పేరున్న రాజు ఒకడు ఏలిన నేల లోథారింగియా, అదే ఇప్పటి లొరేన్. క్లోడోఆల్డ్ రాజ్యం వదిలేసి సన్యాసి అయ్యాడు, జనం నోట్లో ఆ పేరు అరిగి అరిగి "క్లూ" మిగిలింది, పారిస్ పక్కనున్న సెన్-క్లూ ఆయన పేరు మీదే. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మేఘం అనుకునేవాళ్లు ఉన్నారు, మేఘమూ లేదు, సర్వర్లూ లేవు.

మరి ఒకే పేరు ఒకచోట "క్లో" అని, ఇంకోచోట "లూ" అని ఎందుకు మొదలవుతోంది? ఇదంతా ఆ "హ్ల" చేసిన పని. మనకి ఈ జంట కొత్త కాదు, ఆహ్లాదం, ప్రహ్లాదుడు ఉన్నాయి కదా. అయినా మనలో ఎంతమంది "ఆల్హాదం" అంటారో గమనించండి. మాట మధ్యలోనే ఇంత తిప్పలు పెడుతుంటే, మాట మొదట్లో "హ్ల" వస్తే లాటిన్ మాట్లాడే గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) జనానికి నాలుక తిరుగుతుందా? పైగా అప్పటి ఫ్రాంకుల హ మెత్తటి హ కాదు, గొంతులోంచి వచ్చే ఖ లాంటిది. 5, 6 శతాబ్దాల్లో విన్నవాళ్లు దాన్ని "క్ల" అని పట్టుకున్నారు, అలా క్లోవిస్ వచ్చింది. ఇంకొందరికి అదే శబ్దం "ఫ్ల" అని వినబడింది. ఇంగ్లీషులో ఫ్లాంక్ అంటాం చూడండి, పక్క, పార్శ్వం, అది ఫ్రెంచి నుంచి వచ్చింది, ఫ్రెంచికి ఫ్రాంకుల మాట "హ్లంక" నుంచి వచ్చింది. 9వ శతాబ్దం నాటికి ఆ ఖ మెత్తబడి హ అయి, చివరికి జర్మన్‌లోనే రాలిపోయింది. అప్పుడు మిగిలింది "లూ". కాబట్టి క్లోవిస్ పాత అప్పు, లూయీ కొత్త అప్పు, అప్పు ఇచ్చినవాడు మాత్రం ఒక్కడే.

హ రాలిపోతున్న ఆ మధ్య కాలాన్ని నేను కళ్లారా చూశాను. ఒక మ్యూజియంలో, గాజు పెట్టెలో, బొటనవేలి గోరుకంటే కాస్త పెద్ద వెండి నాణెం. లారెల్ ఆకుల దండ పెట్టుకున్న తల పక్కకి తిరిగి ఉంది, చుట్టూ అక్షరాలు. పక్కనున్న చీటీ మీద "పుణ్యాత్ముడు లుడ్విగ్" అని ఉంది. ఇది 814 నుంచి 840 దాకా ఏలిన చక్రవర్తి నాణెం. నాణెం మీద ఆ పేరు ఎక్కడా కనబడక తల పట్టుకున్నాను. అంచు వెంట ఒక్కో అక్షరం చదువుకుంటూ పోతే హెచ్, ఎల్, వి, డి, ఓ, వి, వి, ఐ, సి, వి, ఎస్. అప్పుడు యు అక్షరం వేరే లేదు, వి అనే గుర్తే ఉ శబ్దానికి కూడా. పక్కపక్కన రెండు వి లు వేస్తే అది డబుల్యూ, ఆ అక్షరం పుట్టిందే అలా. కలిపి చదివితే "హ్లుడోవికస్". ముందున్న ఆ హెచ్ చూసి కలిగిన ఆనందం మీకు చెప్పినా అర్థం కాదేమో, మా ఆవిడకైతే అర్థం కాలేదు.

ఈ చక్రవర్తికి ఆ పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఒక రాజకీయం ఉంది. ఈయన తండ్రి షార్లమేన్, యూరప్‌లో చాలా భాగాన్ని ఏలిన ఫ్రాంకుల చక్రవర్తి. షార్లమేన్ నాన్న 751లో క్లోవిస్ వంశపు ఆఖరి రాజుని గద్దె దింపి తానెక్కాడు. అంటే వీళ్లు రాజవంశం కాదు, పెత్తనం గుంజుకున్నవాళ్లు. వాళ్ల ఇంట్లో పేర్లు కార్ల్, పిపిన్ లాంటివి. 778లో షార్లమేన్‌కి కవల మగపిల్లలు పుడితే అంతకుముందు ఆ ఇంట్లో లేని రెండు పేర్లు పెట్టాడు, హ్లుడోవిగ్, హ్లోథార్. అంటే క్లోవిస్, క్లోథార్. పాత యజమాని పేర్లు కొత్త యజమాని పిల్లలకి! మేమూ ఆ వంశానికి వారసులమే అని చెప్పడానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు. లోథార్ పసితనంలోనే పోయాడు, లుడ్విగ్ బతికి చక్రవర్తి అయ్యాడు. ఆ పేరు ఆ రోజు పెట్టకపోయుంటే తర్వాత ఫ్రాన్స్‌లో లూయీ అనే పేరుతో అంతమంది రాజులు ఉండేవాళ్లు కాదనే నా నమ్మకం.

ఆయన పోయాక కొడుకులు కొట్టుకున్నారు. 842 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బూర్గ్‌లో ఇద్దరు అన్నదమ్ములు, అన్న లుడ్విగ్, తమ్ముడు కార్ల్, మూడోవాడైన లోథార్ మీద ఏకమై సైన్యాల ముందు ప్రమాణాలు చేశారు. అన్న సైన్యానిది జర్మన్, తమ్ముడి సైన్యానిది అప్పుడే లాటిన్ నుంచి విడిపడుతున్న పాత ఫ్రెంచి, కాబట్టి పాఠం రెండు భాషల్లో ఉంది, ఒకరి జనానికి అర్థమయ్యేలా ఇంకొకరు వాళ్ల భాషలో ప్రమాణం చేశారు. ఒకే మనిషి పేరు ఫ్రెంచి వైపు "లోధువిగ్స్", జర్మన్ వైపు "లుధువిగ్". అప్పటికి ఇంకా ఒకే పేరని ఎవరికైనా తెలుస్తుంది. అక్కడి నుంచే దారులు చీలాయి.

ఫ్రెంచి ఏం చేసిందంటే, మాట మధ్యలో దొరికిన హల్లులన్నీ మింగేసింది. వాళ్లకి అది అలవాటే, లాటిన్‌లో "లౌడారే" అంటే పొగడటం, ఫ్రెంచిలో ఆ డ పోయి "లూయే" అయింది. ఇక్కడా డ పోయింది, వ పోయింది, చివరి గ పోయింది, "లోఓయిస్" అయింది, తర్వాత చివరి స్ కూడా పలకడం మానేసి "లూయీ" అన్నారు. రాతలో స్ ఉండిపోయింది. జర్మన్ మాత్రం అన్నీ దాచుకుంది, పోయింది ముందున్న హ, మధ్యనున్న ఓ, అంతే. ఇప్పటి పలుకు మీరు అక్కడ వింటూనే ఉంటారు, ప్రామాణిక జర్మన్‌లో చివరి గ "ఇష్"కి దగ్గరగా పలుకుతుంది, మీ దక్షిణం వైపు మాత్రం "లూడ్విక్" అంటారు. మనం తెలుగులో గ గట్టిగా పలికి లుడ్విగ్ అంటాం, పర్వాలేదు, అసలు ఫ్రాంకులకి మనమే దగ్గర.

ఇక మన స్కూలు పుస్తకాల్లో ఫ్రాన్స్ రాజులు 14వ లూయీ, 16వ లూయీ, జర్మనీవాళ్లు లుడ్విగ్‌లు, కాబట్టి ఎవరికైనా రెండు పేర్లు అనిపించడం సహజం. స్ట్రాస్‌బూర్గ్‌లో ప్రమాణం చేసిన ఆ అన్ననే ఫ్రెంచి పుస్తకాలు లూయీ అంటాయి, జర్మన్ పుస్తకాలు లుడ్విగ్ అంటాయి. రష్యన్లది ఇంకా తమాషా, ఫ్రెంచి రాజైతే ల్యుడోవిక్, మామూలు ఫ్రెంచి మనిషైతే లూయి, జర్మన్ అయితే లుడ్విగ్. (యానాం ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చినప్పుడు గద్దె మీదున్నది 15వ లూయీ, అంటే మన గోదావరి ఒడ్డు కూడా కొన్నాళ్లు ఈ పేరు కిందే ఉంది.) అందరూ పేరుకి తగ్గవాళ్లు కాదు లెండి. 987లో పోయిన 5వ లూయీకి చరిత్రలో మిగిలిన బిరుదు "ఏ పనీ చేయనివాడు". పేరు గొప్ప ఊరు దిబ్బ.

ఈ రెండు రూపాలూ చీలి ఎవరి దారిన వాళ్లు పోలేదు, మళ్లీ మళ్లీ కలుసుకున్నాయి. మీరు జర్మనీలో ఉన్నారు కాబట్టి నాయ్‌ష్వాన్‌స్టయిన్ కోట చూసే ఉంటారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట తీసుకెళ్లేది అక్కడికే కదా. అది కట్టించిన బవేరియా రాజు 2వ లుడ్విగ్. ఆయన తాత 1వ లుడ్విగ్ పుట్టింది 1786 ఆగస్టు 25న, అదే స్ట్రాస్‌బూర్గ్‌లో. తండ్రి అప్పుడు ఫ్రెంచి సైన్యంలో అధికారి. పిల్లాడికి జ్ఞానపిత ఎవరో తెలుసా, ఫ్రాన్స్ రాజు 16వ లూయీ, తర్వాత గిలెటిన్ ఎక్కినాయన. ఆయన పేరే బిడ్డకి పెట్టారు, అంటే ఫ్రెంచి లూయీ జర్మన్ లుడ్విగ్‌గా తిరిగొచ్చాడు. ఆగస్టు 25 ఏమిటంటే, 1270లో చనిపోయి తర్వాత సెయింట్ అయిన 9వ లూయీ పండగ రోజు. 1845లో మనవడు పుట్టాడు, అదీ ఆగస్టు 25నే! ఇంట్లో ఓటో అని పెడదామనుకున్నారట, తాత పట్టుబట్టి తన పేరు పెట్టించుకున్నాడు. మన ఇళ్లలో తాతలకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ మనవడు పెద్దయ్యాక 14వ లూయీ మీద వీరాభిమానంతో కీమ్‌సే సరస్సు మధ్యలో ఆ లూయీ కోట వెర్సాయ్‌కి నకలు కట్టించాడు. ఒక లుడ్విగ్ ఇంకో లుడ్విగ్‌కి గుడి కట్టినట్టు.

సంగీతకారుడు బీథోవెన్ ఈ విషయంలో మంచి సాక్షి. 1770లో బాన్‌లో పుట్టాడు. బాప్తిస్మం రిజిస్టర్లో పేరు లాటిన్‌లో లుడోవికస్. తాత పేరు కూడా అదే, ఆయన ఇప్పటి బెల్జియంలోని మెఖలెన్ నుంచి వచ్చినవాడు, అక్కడి భాషలో లోడెవైక్. మూడో సింఫనీ రాసి నెపోలియన్‌కి అంకితం ఇద్దామనుకున్నప్పుడు అట్ట మీద పైన బోనపార్ట్, కింద "లుయీజీ వాన్ బీథోవెన్" అని ఉందని ఆయన శిష్యుడు రీస్ రాశాడు. సంగీతానికి ఇటాలియన్ ఫ్యాషన్ కదా. నకలు రాసినవాడి ప్రతి మీదేమో "లూయీ వాన్ బీథోవెన్". నెపోలియన్ చక్రవర్తి అయ్యాడని తెలిసి కోపంతో గీకేసింది అతని పేరునే, తన పేరు మాత్రం ఏ భాషలో ఉన్నా ఆయనకి పట్టింపు లేదు. అంటే 18వ శతాబ్దపు యూరప్‌లో చదువుకున్నవాడికి ఇవన్నీ ఒకే పేరు అన్నది అందరికీ తెలిసిన సంగతే. మనమే పాస్‌పోర్ట్‌లో ఒక అక్షరం తేడా వస్తే టెన్షన్ పడే కాలంలో పుట్టాం.

ఇటలీలో లుయీజీతో పాటు లుడోవికో, లోడోవికో కూడా ఉన్నాయి. వెనిస్‌లో అల్వీజె అంటారు, అక్కడ ఆ పేరుతో పాలకులు కూడా ఉన్నారు. లాటిన్ రాతల్లో ఇది ఇంకో వేషం వేసింది, అలోషియస్. మీకు ఈ పేరు ఎక్కడో విన్నట్టు ఉంటుంది. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ స్కూలు ఉంది, 1847 నాటిది, మంగళూరులో కాలేజీ ఉంది. ఆ అలోషియస్ ఎవరంటే 1568లో ఇటలీలో పుట్టిన లుయీజీ గొంజాగా, పెద్దింటి పిల్లాడు, ఆస్తి తమ్ముడికి వదిలేసి జెసూట్లు అనే క్యాథలిక్ సన్యాసుల సంఘంలో చేరి, రోమ్‌లో ప్లేగు రోగులకి సేవ చేస్తూ జబ్బు పడి 1591లో, ఇరవై మూడేళ్లకే పోయాడు. 1726లో సెయింట్ అని ప్రకటించారు. మన క్యాథలిక్ ఇళ్లలో అలోషియస్, లూయిస్ అన్నదమ్ముల పేర్లుగా పెడితే ఒకే పేరు ఇద్దరికి పెట్టినట్టే. కొందరు మాత్రం అలోయిస్ అనే జర్మన్ రూపం వేరే పేరనీ, "ఆల్-వీస్", అన్నీ తెలిసినవాడు, అన్న మాట నుంచి వచ్చిందనీ అంటారు. నాకు మొదటిదే సరిగా అనిపిస్తుంది. ఐస్ స్కేటింగ్ చూసేవాళ్లకి లుట్స్ అనే గెంతు తెలుసు, 1913లో దాన్ని మొదలుపెట్టిన ఆస్ట్రియావాడి పేరు అలోయిస్ లుట్స్. లుట్స్ అంటే లుడ్విగ్‌కి ముద్దుపేరు. పేరూ ఇంటిపేరూ రెండూ అదే అయిన మనిషి!

మిగతా భాషలు గబగబా చెప్పేస్తాను. స్పెయిన్, పోర్చుగల్‌లో లూయిస్, డచ్‌లో లోడెవైక్, పోలండ్‌లో లుద్విక్, చెక్‌లో లుడ్వీక్, హంగరీలో లాయోష్. ఆడపిల్లలకి లూయీజ్, లూయిసా, లుడోవికా, స్వీడన్‌లో లోవీసా. అన్నిటికంటే నాకు ఇష్టమైనది బాస్క్ (స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో ఉండే జనం) రూపం, కోల్డోబికా, ముద్దుగా కోల్డో. బాస్క్ జాతీయవాది సబీనో అరానా తమ భాషకి సెయింట్ల పేర్లు తయారుచేసినప్పుడు స్పానిష్ లూయిస్‌ని పక్కన పెట్టి నేరుగా పాత క్లోడోవికస్ దగ్గరికి వెళ్లాడు. అందుకే మిగతావాళ్లంతా ఎప్పుడో పోగొట్టుకున్న ఆ క ఆ పేరులో మళ్లీ కూర్చుంది.

ఇంగ్లీషులో లూయిస్ రెండు స్పెల్లింగులతో ఉంది, అక్కడే జాగ్రత్త పడాలి. వేల్స్‌లో లూయిస్ అంటే చాలాసార్లు అది లుడ్విగ్ కాదు, వాళ్ల సొంత పేరు లెవెలిన్‌కి ఇంగ్లీషు ముసుగు. స్కాట్లాండ్ పక్కనున్న లూయిస్ దీవికి అసలు సంబంధమే లేదు. అమెరికాలో సెయింట్ లూయిస్ మాత్రం మనదే, 1764లో ఫ్రెంచి వ్యాపారులు 9వ లూయీ పేరు పెట్టారు, అక్కడున్న మనవాళ్లు స్ పలుకుతారు, పక్కనే కెంటకీలో లూయీవిల్ వాళ్లు పలకరు, అది 16వ లూయీ పేరు. లూయీజియానా 14వ లూయీది. ఇంకొక ముచ్చట, ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ రాసినాయన, లూయిస్ కారల్ అనే కలం పేరు తెలుసుగా, అసలు పేరు చార్ల్స్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. ఆయన చార్ల్స్ లట్విడ్జ్‌ని లాటిన్‌లోకి తిప్పితే కారొలుస్ లుడోవికస్, దాన్ని తలకిందులు చేసి మళ్లీ ఇంగ్లీషులోకి తెస్తే లూయిస్ కారల్. 1856లో పెట్టుకున్నాడు. ఆయన లెక్కలో లట్విడ్జ్ కూడా లుడ్విగే మరి.

ఇప్పుడు ఆ "ప్రజల నాయకుడు" ఎక్కడి నుంచి ఊడిపడిందో. జర్మన్‌లో "లియుట్" అంటే జనం, ఇప్పటి లోయ్‌టే. లుయిట్‌పోల్డ్, లెయొపోల్డ్ పేర్లలో ఉన్నది అది. లు తో మొదలయ్యేసరికి లుడ్విగ్‌ని కూడా అందులో కలిపేశారు. దీనికి తోడు స్లావ్ భాషల్లో లియుదేవిట్ అని అచ్చంగా ఇలాగే వినబడే పేరు ఉంది, అందులో "లియుద్" అంటే జనమే. 9వ శతాబ్దంలో లియుదేవిట్ అనే స్లావ్ నాయకుడు ఫ్రాంకుల మీద తిరగబడ్డాడు, ఎవరి మీదనుకున్నారు, నేను పైన చెప్పిన నాణెం మీదున్న హ్లుడోవికస్ మీదే! తర్వాత క్రొయేషియన్లు ఈ రెండు పేర్లనీ ఒకటిగా వాడేశారు. క్రొయేషియన్ లిపిని సంస్కరించిన లియుదేవిట్ గాయ్ 1809లో పుట్టినప్పటి పేరు లుడ్విగ్ గాయ్. కాబట్టి ఆ వెబ్‌సైట్ వాళ్లు పూర్తిగా గాల్లోంచి తీయలేదు, పక్కింటి అర్థం తెచ్చి ఈ ఇంట్లో పెట్టారు.

ఇక మీ రెండో ప్రశ్న. ఉంది, ఒకటి కాదు బోలెడు. హ్లూడ్‌కి మూలం "వినడం" అనే అర్థమున్న ఇండో-యూరోపియన్ (సంస్కృతం, లాటిన్, జర్మన్ లాంటి భాషలన్నిటికీ తాత లాంటి పాత భాష) ధాతువు. అదే ధాతువు సంస్కృతంలో "శ్రు". జర్మానిక్‌లో హ వచ్చేచోట సంస్కృతంలో శ రావడం మామూలే, శతం అంటే హుండర్ట్, శ్వానం అంటే హుండ్, పిల్లాడికి ఈపాటికి ఈ రెండు జర్మన్ మాటలూ వచ్చే ఉంటాయి. అక్కడ ల ఇక్కడ ర, రుచి అన్న మాటకి సంస్కృతంలో వెలుగు అనే అర్థం ఉంది, జర్మన్‌లో వెలుగు లిష్ట్. అలా హ్లూడ్, శ్రుత చుట్టాలు. గుళ్లో వినే శాంతి మంత్రం గుర్తు చేసుకోండి, "భద్రం కర్ణేభిః శృణుయామ దేవాః" అని మొదలవుతుంది, అక్కడ శృణుయామ అంటే విందుము గాక. కాసేపటికి "స్వస్తి న ఇంద్రో వృద్ధశ్రవాః" వస్తుంది, గొప్ప కీర్తి గల ఇంద్రుడు. ఒకే మంత్రంలో ఒకే ధాతువు, ఒకచోట చెవికి, ఒకచోట కీర్తికి. హ్లూడ్‌లో ఉన్న రెండర్థాలూ అవే. శత్రుఘ్నుడి భార్య శ్రుతకీర్తి పేరులో రెండు ముక్కలూ దాదాపు కీర్తే, హెడ్విగ్ పోరు-పోరు లాగే.

దయచేసి దీన్ని పట్టుకుని "లుడ్విగ్ సంస్కృతం నుంచి పుట్టింది" అని వాట్సాప్‌లో తిప్పకండి. రెండూ ఒకే తాతకి వేర్వేరు మనవలు, ఒకదాన్నించి ఇంకొకటి రాలేదు. తెలుగు ఆ కుటుంబం కూడా కాదు, ఈ మాటలు మనకి సంస్కృతం ద్వారా వచ్చినవి.

పేర్ల సంగతికొస్తే, అర్థంలో లుడ్విగ్‌కి దగ్గరిది విశ్రుత్. కానీ అక్కడ వద్దంటాను. వి కోసం ఇంగ్లీషు వి వేస్తే కొత్తగా చూసిన జర్మన్ "ఫిశ్రుత్" అని చదవొచ్చు, ఫాటర్‌లో లాగ. డబుల్యూ వేస్తే ఇండియాలో విష్ అని మొదలుపెడతారు. పైగా జర్మన్‌లో "ష్రోట్" అంటే పాత ఇనుము, తుక్కు. బళ్లో పిల్లలు ఊరుకోరు. శ్రవణ్, ఆడపిల్లైతే శ్రావ్య లేదా శ్రుతి పెట్టుకోండి. శ్ర అనే జంట వాళ్లకి బాగా అలవాటు, ష్రైబెన్, ష్రిఫ్ట్ అని రోజూ వాళ్లే అంటారు, కాబట్టి నోరు తిరుగుతుంది. ముగ్గురూ వినడానికి సంబంధించినవాళ్లే.

బాబు క్లాసులోని ఆ లూయీని లూయీ అనాలా లూయిస్ అనాలా అన్నది మాత్రం స్పెల్లింగ్ చూసి తేల్చుకోకండి. జర్మనీలో రెండు పలుకులూ ఉన్నాయి. వాళ్లమ్మ గేటు దగ్గర ఎలా పిలుస్తోందో వినండి, అదే కరెక్ట్.